బల్బుని కూడా నమ్మని మేస్త్రి

మేస్త్రి పోయాడని మొన్న అనకాపల్లి రైలు గేటు దగ్గర ఒక లారీ డ్రైవరు చెప్పాడు. వినగానే ముందు ఊపిరి పీల్చుకున్నాను. ఆ తరవాతే సిగ్గేసింది. చావు కబురు విని ఊపిరి పీల్చుకోవడం ఏం బుద్ధి? కానీ నా గుట్టు తెలిసిన మనిషి ఈ లోకంలో ఆయనొక్కడే. అదేమిటో ఈ వయసులో చెప్పేస్తే నాకు పోయేదేమీ లేదు. అయితే ముందు ఆయన ఎలాంటివాడో చెప్పాలి, లేకపోతే అన్నేళ్లు నేనెందుకు భయపడ్డానో మీకు అర్థం కాదు.

గవరపాలెం వెళ్లే దారిలో ఆయనకి బళ్లు బాగుచేసే తాటాకు షెడ్డు ఒకటి ఉండేది. సన్నగా, పొడుగ్గా, కాస్త ముందుకు వంగి ఉండేవాడు. ఎదుటివాడు మాట్లాడుతుంటే ఎడమ కన్ను సగం మూసేవాడు. ఆ కన్ను మూతపడిందంటే మన మాట ఆయన నమ్మలేదని అర్థం. నాకు తెలిసి అది పూర్తిగా తెరుచుకుని ఉండగా ఆయనతో మాట్లాడినవాళ్లు లేరు.

మా వైపు ఎవరైనా ఎవరినైనా మామా అనో బావా అనో పిలవడం మామూలే. ఆయన్ని అలా పిలిస్తే పని ఆపేసేవాడు.

"మావా అన్నావంటే నీకేదో ఉత్తినే కావాల. ఏటది? ముందది సెప్పు."

అంచేత ఊరంతా ఆయన్ని మేస్త్రీ అనే పిలిచేది. టీ కొట్టులో గ్లాసు కడిగించి, దాన్ని ఎండకేసి చూసి, మళ్లీ కడిగించేవాడు. బండికి విప్పిన మరలన్నీ తువ్వాలు కొంగులో ముడివేసి నడుముకి కట్టుకునేవాడు. డబ్బాలో పెడితే మనం మారుస్తామని. పాత తుప్పు మరలు మార్చి ఎవడేం బావుకుంటాడని ఒకసారి అడిగాను. "అదే నాకూ తెలీదు. తెలీందాన్ని కనిపెట్టుకునుండాల" అన్నాడు.

అన్నిటికంటే విచిత్రం ఆయన బల్బు. బండి వైర్లలో కరెంటు వస్తోందో లేదో చూడ్డానికి రెండు తీగలు కట్టిన చిన్న బల్బు ఒకటి ఉండేది. ఏ బండి ముందైనా కూచోగానే ముందు ఆ బల్బుని తన సొంత బ్యాటరీకి ఆనించి వెలుగుతోందో లేదో చూసుకునేవాడు. తరవాత మన బండి తీగలకి ఆనించేవాడు. అక్కడ వెలగకపోతే మళ్లీ తన బ్యాటరీకి ఆనించి చూసేవాడు, ఈ మధ్యలో బల్బే పోయిందేమోనని. తన చేతిలో ఉన్న బల్బునే నమ్మని మనిషి నన్ను నమ్ముతాడా?

ఇంకొకటి. బండికేమైందో మనల్ని చెప్పనిచ్చేవాడు కాదు. నోరు తెరిచామో లేదో చెయ్యి ఎత్తేవాడు.

"సెప్పకు. నువ్వు సెప్పేవంటే నాకు అదే కనపడతాది. ఎల్లి ఆ గోడకాడ నిలబడు."

వైద్యుడికి రోగం చెప్పుకోకూడదట, గోడ దగ్గర నిలబడాలట. కోపం వచ్చేది మాకు. అయినా వెళ్లి నిలబడేవాళ్లం, ఎందుకంటే ఆయన చెయ్యి పెట్టిన బండి మళ్లీ అదే జబ్బుతో తిరిగొచ్చేది కాదు.

నా సంగతికి వస్తాను. యుద్ధం రోజులవి. పెట్రోలు కూపన్లకి తప్ప దొరికేది కాదు. నేను నాలుగేళ్లు లారీల మీద క్లీనరుగా మసి తిని, లైసెన్సు సంపాదించి, ఒక బెల్లం షావుకారు దగ్గర డ్రైవరుగా కుదిరాను. ఆయన తన నల్ల కారుకి వెనకాల బొగ్గు గ్యాసు డబ్బా పెట్టించాడు. మనిషెత్తు ఇనప డబ్బాలో బొగ్గులు రగులుతుంటే, ఆ గ్యాసు గొట్టం గుండా ఇంజనుకి వెళ్లి బండి నడిచేది. బొగ్గులు రాజుకోవాలంటే గాలి కొట్టాలి. చాలామంది బళ్లకి చేత్తో తిప్పే పంకా ఉండేది. మా షావుకారు గొప్పకి పోయి, బ్యాటరీతో తిరిగే బ్లోయరు తెప్పించి, డబ్బాకి ఆనించి పెట్టించాడు. మీట నొక్కితే చిన్న మోటారు గుయ్యిమని తిరిగి, పది నిమిషాల్లో డబ్బాని రాజేసేది. అది పనిచెయ్యని రోజున మొదట కాస్త పెట్రోలు మీద ఇంజను నడపాలి. అప్పుడు ఇంజనే గాలి లాగి బొగ్గులు రగిలిస్తుంది.

ఆ మోటారు రెండు నెలలుగా పేచీ పెట్టడం మొదలెట్టింది. పొద్దున్నే నేను మీట నొక్కితే కిక్కురుమనదు. పెట్రోలు మీదే లేపి, షావుకారుని ఎక్కించుకుని నక్కపల్లి దాకానో, ఇంకా అవతలకో, బెల్లం వండే ఊళ్లన్నీ తిప్పేవాణ్ణి. మధ్యాహ్నానికి అదే మోటారు ఏమీ ఎరగనట్టు తిరిగేది.

షావుకారుకి అనుమానం వచ్చింది. వచ్చిందంటే ఆయన తప్పేమీ లేదు.

"పొద్దున్న నువ్వొక్కడివే ఉన్నప్పుడు తిరగదు. మధ్యాహ్నం నేనొచ్చి చూత్తే తిరుగుద్ది. ఏవిటోయ్, నేనంటే దానికి భయవా?"

"నాకేటి తెల్సు బాబూ."

"నీకు కాకపోతే ఇంకెవుడికి తెల్సు? మోటారు పాడు చేసి పెట్రోలు తాగేత్తన్నావు నువ్వు. రుజువు దొరకనీ, నిన్ను జైలుకి పంపకపోతే చూడు."

ఉత్తి బెదిరింపు కాదది. పెట్రోలు దొంగ అంటే ఆ రోజుల్లో ఉద్యోగం పోవడంతో ఆగదు.

ఇక్కడే నా గుట్టు చెప్పాలి. మోటారుని నేను ముట్టుకోలేదు. కానీ పెట్రోలు తీసిన మాట నిజం. బండి లేపడానికి అరసీసా ఖర్చయితే సీసా అయిందని చెప్పి, మిగిలిన అరసీసా రబ్బరు గొట్టంతో లాగేవాణ్ణి. ఎలమంచిలిలో ఒక బట్టల కొట్టతనికి మోటారు సైకిలు ఉండేది. పెట్రోలిస్తే చీర ఇస్తానన్నాడు. బట్ట కరువు రోజులు. నా భార్యకి కట్టుకోదగ్గ చీర ఒక్కటే ఉండేది. అది ఉతికి ఆరేసిన రోజున ఆమె గది తలుపు తీసేది కాదు. వీధిలో ఎవరైనా పిలిస్తే లోపల్నించే పలికేది. ఆ తలుపు చూసినప్పుడల్లా నా ప్రాణం ఉసూరుమనేది. అందుకని చేశాను. చేసింది మంచిపనని అనను. మోటారు తిరగని పొద్దుల్లో లోపల్లోపల సంతోషించానని కూడా ఒప్పుకుంటాను.

అంచేత షావుకారు వేసిన నేరంలో సగం అబద్ధం, సగం నిజం. తన తండ్రిని కూడా నమ్మడని పేరున్న మేస్త్రిని ఆయన పిలిపించాడు. దొంగని పట్టాలంటే అలాంటివాడే కావాలని ఆయన లెక్క.

శనివారం పొద్దున్న మేస్త్రి సంచీతో వచ్చాడు. బెల్లం బజారు వెనకాల షావుకారు ఇంటి పెరట్లో కారుంది. అరుగు మీద షావుకారు తల్లి, పెద్దమ్మగారు, కూచుని పత్తి వత్తులు చేసుకుంటోంది.

షావుకారు ఎదురెళ్లి, "మేస్త్రీ, ఇదిగో ఈ డ్రైవరు..." అని మొదలెట్టాడు.

మేస్త్రి చెయ్యి ఎత్తాడు. "సెప్పకండి బాబూ. తవఁరూ ఎల్లి ఆ గోడకాడ నిలబడండి."

బెల్లం బజారులో ఈయన లేచి నిలబడితే వందమంది లేచేవారు. అలాంటి షావుకారు నా పక్కన గోడకి చేరగిలబడి నిలబడ్డాడు. ఇంకో రోజైతే నవ్వాపుకోలేకపోయేవాణ్ణి.

ఆ కారుకి బ్యాటరీ ముందు సీటు కింద ఉంటుంది. మేస్త్రి తన బల్బుని తన బ్యాటరీ మీద చూసుకుని, వచ్చి మా సీటు ఎత్తాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు. రబ్బరు గొట్టం అక్కడే ఉంది! మేస్త్రి వంగాడు. గొట్టం బయటికి తీశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నాకేసి చూశాడు. ఎడమ కన్ను సగం మూతపడింది. షావుకారు అప్పుడు తల్లికేసి తిరిగి ఏదో అంటున్నాడు. ఆయన ఇటు తిరిగేలోపల మేస్త్రి గొట్టాన్ని చుట్టచుట్టి తన సంచీలో పడేసుకున్నాడు.

అయిపోయింది అనుకున్నాను. పని ముగించాక అందరి ముందూ తీస్తాడు.

ఆయన మాత్రం ఏమీ జరగనట్టు బల్బుని బ్యాటరీకి ఆనించాడు. వెలిగింది. మీట దగ్గర వెలిగింది. మోటారుకి వచ్చే తీగ కొసన కూడా వెలిగింది. తీగ బిగించిన చోట ఆకురాయితో గీకి మళ్లీ బిగించాడు. మీట నొక్కాడు. మోటారు తిరగలేదు. మధ్యలో మీటా, తీగలూ లేకుండా బ్యాటరీ నుంచి తన సొంత తీగలు నేరుగా మోటారుకి పెట్టాడు. అయినా తిరగలేదు.

"కరెంటు దీని గుమ్మం దాకా వత్తంది. ఇదే తీసుకోట్లేదు" అని తనలో తను అనుకున్నాడు.

తరవాత స్క్రూడ్రైవరు తిరగేసి, కర్ర పిడితో మోటారు ఒంటి మీద టకటకా రెండు దెబ్బలు వేశాడు. మోటారు గుర్రుమని అర చుట్టు తిరిగి ఆగింది. ఆయన మొహంలో నవ్వులాంటిది కనబడి పోయింది.

"సావలేదు. దీని గొంతుకేదో అడ్డం పడిపోనాది."

మరలు విప్పి తువ్వాల్లో ముడేసుకున్నాడు. మోటారు లోపల రెండు చిన్న కార్బన్ బిళ్లలుంటాయి. ఒక్కోదాన్నీ ఒక్కో స్ప్రింగు వెనక నుంచి తోస్తుంటే, అవి మధ్యలో తిరిగే రాగి కడ్డీని ఆనుకుని కరెంటు అందిస్తాయి. వాటిలో ఒకటి తన గూట్లోనే అతుక్కుపోయింది. స్ప్రింగు ఎంత తోసినా కదలట్లేదు. చుట్టూ నల్లగా, జిగటగా ఏదో గడ్డకట్టి ఉంది.

షావుకారు గోడ వదిలి ఒక్క ఉదుటున వచ్చాడు. "జిగురు! జిగురు పోసేవురా దొంగెధవా!"

"నూకాలమ్మ తల్లి తోడు బాబూ, నాకు తెలీదు!"

"ఒట్టెయ్యకు" అన్నాడు మేస్త్రి నాకేసి చూడకుండానే. "నువ్వు ఒట్టేత్తే నాకు ఇంకా డౌటొత్తాది."

ఆ నల్లటి దాన్ని గోటితో గీరి వాసన చూశాడు. వేలితో నలిపాడు. చివరికి నాలిక మీద పెట్టుకున్నాడు. రెండు కళ్లూ మూసుకుని కాసేపు చప్పరించాడు. ఇంకాస్త గీరి, స్క్రూడ్రైవరు కొసన పెట్టి షావుకారుకి చాచాడు.

"నా నాలిక్కి ఒకటి తోసింది. నా నాలికని నాను నమ్మను. తవఁరిది పెద్ద నాలిక. తవఁరు సెప్పండి, ఇదేటి?"

షావుకారు నాలిక సంగతి మా చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలుసు. బజారులో బెల్లం దిమ్మ చితగ్గొట్టి, చిన్న పలుకు నాలిక మీద వేసుకుని, ఇది ఫలానా ఊరిది, పాకం ఒక్క ఉడుకు తగ్గింది, చెరుకు పల్లపు పొలంలోది అని చెప్పేసేవాడు. వండిన రైతు నోరెత్తేవాడు కాదు. మసి కొట్టుకున్న ఆ పలుకుని చూసి ఆయన మొహం చిట్లించాడు. కానీ నాలిక మీద పడగానే అలవాటు ఆయన్ని లాగేసింది. కోపం ఎటు పోయిందో, కళ్లు మూసుకున్నాడు.

"బెల్లవే" అన్నాడు. "మాడిపోయింది. పైన బొగ్గు మసి. నెయ్యి... ఆవు నెయ్యి. మునగపాక బెల్లం ఇది. మడ్డి లేదు, ఉప్పదనం లేదు. ఇది మొన్న కొత్త వంటలో తీసి..."

అక్కడ ఆగిపోయాడు. కళ్లు తెరిచాడు. ఆ బెల్లం ఎక్కడిదో ఆయనకే కాదు, నాకూ అర్థమైంది. ఏటా మునగపాక నుంచి వచ్చిన మొదటి దిమ్మని ఆయన బజారుకి పంపడు. అది దేవుడి గదిలో ఉంటుంది. ఆ గది తాళంచెవి పెద్దమ్మగారి నడుముకి ఉంటుంది. నేను ఆ గుమ్మం కూడా ఎప్పుడూ చూడలేదు.

అరుగు మీద వత్తులు చెయ్యడం ఆగింది.

"నేనేరా పెట్టింది" అంది పెద్దమ్మగారు.

"నువ్వా! ఎందుకమ్మా?"

"ఎందుకేటి? వంటింట్లో కూచున్న నిప్పుకి నైవేద్యం పెడతన్నాం కదా. నిన్ను ఊళ్లన్నీ తిప్పుకొచ్చే నిప్పుకి పెట్టొద్దేటి? శుక్రారం శుక్రారం ఈ డ్రైవరు రాకముందే తానం చేసి, నేతిలో ముంచి పెడతన్నాను. నోరు మరీ చిన్నది పెట్టేర్రా దానికి. చిదిపి చిదిపి వెయ్యాల్సొత్తంది."

మోటారు వేడెక్కకుండా గాలాడ్డానికి తొలిచిన చిల్లులని ఆవిడ అగ్నిహోత్రుడి నోరనుకుంది. శుక్రవారాలు వేసిన బెల్లం లోపల కరిగి, పొద్దుటి చలికి గడ్డకట్టి బిళ్లని పట్టేసేది. డబ్బా వేడికి మధ్యాహ్నానికి మెత్తబడి వదిలేది. నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. షావుకారు నేలకేసి చూస్తూ నిలబడ్డాడు.

మేస్త్రి మాత్రం లేచి అరుగు దగ్గరికి వెళ్లాడు. అంత మెత్తగా మాట్లాడగా ఆయన్ని నేను మళ్లీ వినలేదు.

"అమ్మా, నోరు అది కాదు. ఆ డబ్బా పైన మూతుంది సూడండి, బొగ్గులు పోసేది, అదీ నోరు. ఈ డ్రైవరు మూత తీత్తాడు, తవఁరు అందులో ఎయ్యండి. నేరుగా నిప్పుకే ముడతాది."

"అలగని ముందే సెప్పొద్దేట్రా" అంది ఆవిడ, నామీద విసుగ్గా.

కిరసనాయిలుకి లొంగని ఆ జిగట వేణ్ణీళ్లకి లొంగింది. మేస్త్రి గూడు కడిగి, ఎండబెట్టి, బిళ్లని గరుకు కాగితం మీద రుద్ది, వేలితో నొక్కి వదిలి చూశాడు. స్ప్రింగు ముందుకి తోసింది. మళ్లీ నొక్కాడు. అలా పదిసార్లైనా చూసుంటాడు. మూత బిగించి మీట నొక్కగానే మోటారు గుయ్యిమంది. ఆపాడు, మళ్లీ నొక్కాడు. దాన్నీ పదిసార్లు.

ఆయన సంచీ సర్దుకుంటుంటే షావుకారు గొంతు సవరించుకుని అడిగాడు.

"అయితే మేస్త్రీ, డ్రైవరు మంచోడేనంటావా?"

సంచీలో గొట్టం ఉంది. నా ఉద్యోగం, ఇల్లు, మూసిన తలుపు వెనక నా భార్య, అన్నీ ఆ సంచీలోనే ఉన్నాయి. మేస్త్రి ముడి విప్పి, తువ్వాలు దులిపి భుజం మీద వేసుకున్నాడు.

"మోటారు జోలికి ఈడెల్లలేదు" అన్నాడు.

అంతే అన్నాడు. షావుకారుకి అది చాలింది. మంచోడు అన్న మాట మేస్త్రి అనలేదని నాకొక్కడికే తెలిసింది.

ఆ రోజుతో గొట్టం మానేశాను. బుద్ధి వచ్చి కాదు, భయంతో. షావుకారు నన్ను ఊరికే అన్నందుకు నొచ్చుకుని, ఆ నెల్లోనే తన పలుకుబడితో నా భార్యకి ఒక చీర ఇప్పించాడు. అది కట్టుకుని ఆమె గుమ్మంలో నిలబడితే కళ్లారా చూసుకోలేకపోయాను.

మేస్త్రి సంగతి నాకు అంతుబట్టలేదు. ఎందుకు దాచాడు? నా దగ్గర ఏదో కావాలి, సమయం చూసి అడుగుతాడు అనుకున్నాను. కారు ఆయన షెడ్డుకి తీసుకెళ్లిన ప్రతిసారీ, ఆయన కూచునే బల్ల పైన మేకుకి ఆ గొట్టం వేలాడుతూ కనిపించేది. టీ ఇప్పిస్తానంటే వద్దనేవాడు. మా ఊరి వంకాయలు పట్టుకెళ్తే, బుట్ట తిరగేసి చూసి తిప్పి పంపాడు. నలుగురిలో ఆయన నాకేసి చూస్తే చాలు, చెప్పేస్తాడని ఏదో వంక పెట్టి అక్కణ్ణుంచి లేచొచ్చేసేవాణ్ణి. రాత్రింబవళ్లు ఆయన్ని అనుమానించాను. మనిషి ఎప్పుడూ ఏమీ అడగలేదు. అడగకపోవడం మీద కూడా నాకు అనుమానమే.

యుద్ధం అయిపోయింది. బొగ్గు డబ్బాలు తుక్కులోకి పోయాయి. పెట్రోలు కావలసినంత వచ్చింది. చాలా ఏళ్లకి ఒక మధ్యాహ్నం షెడ్డులో ఆయనొక్కడే ఉంటే, ఇంక ఉండబట్టలేక అడిగేశాను.

"మేస్త్రీ, ఆయేళ షావుకారికి ఎందుకు సెప్పలేదు?"

"ఏటి?"

"గొట్టం సంగతి."

ఆయన ఆకురాయి రాస్తున్నది ఆపలేదు.

"సెప్తే ఏటవుతాది? పెట్రోలు లాగినోడు మోటారు కూడా ఆడే పాడుసేసేడంతారు. నన్నింక మోటారు ఇప్పనిత్తారేటి? ఇప్పినాక సెప్తే బెల్లం మాట ఎవులు నమ్ముతారు? నిన్ను కాయడానికి ముసలమ్మ అబద్దవాడతందంతారు. నాను కళ్లతో సూసి, నాలికతో సూసి తేల్చిన పని అబద్దవైపోను. నీ దొంగతనం కోసం నా పని పాడుసేసుకుంతానేటి?"

నా కోసం కాదన్నమాట. ఇన్నేళ్లు ఆయన దయకి అర్థం వెతికాను, అందులో దయే లేదు. మనసు చివుక్కుమంది. అదే నిమిషాన ఏదో బరువు కూడా దిగినట్టుంది. ఇంక ఆయనకి నేను ఏమీ బాకీ లేను. అయినా ఆయన నన్నొక మంచి మాట అంటే వినాలని ఎంత ఆశో!

"నాను ఆయేళే మానీసేను మేస్త్రీ. మానీసి పన్నెండేళ్లయిపోనాది."

మేస్త్రి ఆకురాయి పక్కన పెట్టి తలెత్తాడు. ఎడమ కన్ను సగం మూతపడింది.

"సూద్దాం" అన్నాడు.

ఆ చూసే మనిషి ఇప్పుడు లేడు. నేను మానేసిన మాట నిజమో కాదో ఇంక నేనే చూసుకోవాలి.